గృహవిజ్ఞానము: మూగవోయిన యంత్రము



మా యింట 1993వ సంవత్సరమున కొన్న కంప్యూటరు ఒకటి గలదు. కీర్తిశేషురాలైన మా యత్తగారు పాడిన లాలిపాటలు అందే యున్నవి. దాని సౌండు కార్డు చెడిపోగా, ఇటీవల పాతసామానుల యంగడినుండి అట్టిదే మరియొకటి తెప్పించి యమర్చితిమి. పాట మొదలైనంతనే తొలి పలుకే మరల మరల వినవచ్చి, అంతలో ఆగిపోయెను. "ఇక దీనిని పారవేయుదమమ్మా" అని మా చిన్నవాడనెను. నా మనస్సు ఒప్పలేదు.

విచారింపగా దోషము కార్డునందు లేదు, అంకెలయందున్నదని తేలినది. ఆ కాలపు యంత్రములలో సౌండు కార్డునకు మూడు ఏర్పాటులు కావలెను. మొదటిది చిరునామా, సాధారణముగా 220. యంత్రము కార్డును పిలుచునది ఈ సంఖ్యతోనే. రెండవది ఐ.ఆర్.క్యు.; ఇది గంట వంటిది. అందిన ధ్వని ముగియగానే తరువాతి భాగమునకై కార్డు ఈ గంటను మ్రోగించును. మూడవది డి.ఎమ్.ఏ.; మెమరీనుండి ధ్వని కార్డునకు చేరు త్రోవ; తరచుగా 1.

గంటలు కొలదిగానే యుండును. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో ఎనిమిదే; 1984లో వచ్చిన ఏ.టి. యంత్రముతో పదునారైనవి. 0 గడియారమునకు, 1 కీబోర్డునకు, 6 ఫ్లాపీకి, 14 హార్డు డిస్కునకు, 7 వాడుకగా ప్రింటరునకు చెల్లును. ఒకే గంటను ఇద్దరు మ్రోగించినచో చిక్కు కలుగును.

ఆటోఎగ్జెక్.బ్యాట్ అను ఫైలు తెరచి చూడగా "సెట్ బ్లాస్టర్=ఏ220 ఐ5 డి1" అను పంక్తి కనబడెను. చిరునామా 220, గంట 5, త్రోవ 1 అని దాని భావము. క్రొత్తగా తెచ్చిన కార్డు మాత్రము 7వ గంటకు అమర్పబడి యున్నది. అది 7వ గంట మ్రోగించుచుండ, పాట వినిపించు ప్రోగ్రాము 5వ గంటకై చెవియొగ్గి కూర్చున్నది!

విద్యుత్తు తీసివేసి, తీగ ఊడదీసి, పెట్టె లోహమును తాకి, పిమ్మట కార్డుమీది జంపరు అను చిన్న తొడుగును 7నుండి 5నకు మార్చితిని. ఆ గంట మా యంత్రమున ఖాళీగానే యున్నది. మరల నడుపగా మా యత్తగారి లాలిపాట ఆసాంతము వినవచ్చెను. మా చిన్నవాడు కదలక నిలచి వినెను.

1995లో విండోస్ 95 వచ్చిన పిదప యంత్రములు ఈ యంకెలను చాలవరకు తామే పంచుకొనసాగినవి. కావున నేటి పిల్లలు వీని నెరుగరు. మీ యింట అట్టి పాతయంత్రమున్నచో, పలుకలేదని పారవేయకుడు. మూడంకెలును సరిచూచి, కాగితముపై వ్రాసి, పెట్టె మూత లోపల అంటింపుడు. పాట వినబడిన నాడే దానికి మరియొక ప్రతి తీసి వేరుచోట దాచుకొనుడు. యంత్రము మరల బాగుపడవచ్చును గాని, పోయిన కంఠము తిరిగి రాదు.