పట్టా రైతుది, పెత్తనం తీగది

నగరంలో 60 శాతం, పట్టణంలో 45, పల్లెలో 30. హైటెన్షన్ తీగలు పోయే భూమికి ఎంత పరిహారం ఇవ్వాలో చెబుతూ కేంద్ర విద్యుత్ శాఖ 2025 మార్చి 21న రాష్ట్రాలకు పంపిన అనుబంధ మార్గదర్శకాల సారం ఈ మూడు అంకెలే. తీగ అదే, వోల్టేజీ అదే, నేలకూ దానికీ మధ్య ఎడమూ అదే. కింద ఉన్నది ప్లాటయితే భూమి విలువలో సగానికి పైగా పోయినట్టు, పొలమైతే మూడో వంతు కూడా పోనట్టు లెక్క. ఇదేమిటని అడిగితే ఏళ్ల తరబడి వినిపిస్తున్న సమాధానం ఒక్కటే: పొలాన్ని మేం తీసుకోవడం లేదు, పట్టా రైతు పేరునే ఉంటుంది, తీగల కింద దర్జాగా సేద్యం చేసుకోవచ్చు.

వినడానికి సబబుగానే ఉంది. సోలార్, పవన విద్యుత్తు పేరిట రాబోయే పదేళ్లలో దేశమంతటా పరుచుకోబోయే తీగల పథకం మొత్తం ఈ ఒక్క మాట మీదే నిలబడింది. ఆ మాటే అబద్ధం.

తీగలు వద్దనే వారితో ఈ పత్రికకు పొత్తు లేదు. అయిదు లక్షల మెగావాట్ల శిలాజేతర విద్యుత్తు లక్ష్యం కోసం 2030 నాటికి 50,890 సర్క్యూట్ కిలోమీటర్ల కొత్త లైన్లు కావాలని, వాటికి రూ.2.44 లక్షల కోట్లు ఖర్చవుతుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2022 డిసెంబరులోనే తేల్చింది. తీగల్లో చోటు చాలక రాజస్థాన్‌లో మిట్టమధ్యాహ్నం సోలార్ ప్లాంట్లను తగ్గించి నడపమన్న రోజులూ చూశాం. అనంతపురం ఎండ, కర్నూలు కొండల గాలి చెన్నైకో బెంగళూరుకో చేరాలంటే టవర్లు లేవక తప్పదు. తగువు టవర్లతో కాదు, వాటి కింద రాసిపెట్టిన లెక్కతో.

ఆ లెక్కను పొలంలోకి దిగి చూడాలి. 765 కిలోవోల్టుల డబుల్ సర్క్యూట్ లైనుకు వదలాల్సిన దారి వెడల్పు 67 మీటర్లు. అంటే కిలోమీటరుకు పదహారున్నర ఎకరాలు. నలుచదరంగా ఉన్న అయిదెకరాల చెలక మీదుగా లైను నిట్టనిలువుగా పోయిందనుకుందాం. చెలక ఒక్కో పక్క సుమారు 142 మీటర్లుంటుంది. తీగల కిందికి పోయేది రెండెకరాల 35 సెంట్లు. ఎకరం 20 లక్షలు పలికే చోట ఆ ముక్క విలువ 47 లక్షలు. అందులో 30 శాతం, అంటే 14 లక్షల పైచిలుకు ఒక్కసారి చేతిలో పెడతారు. మిగిలిన 33 లక్షలు ఎక్కడున్నాయని అడిగితే, నీ భూమిలోనే ఉన్నాయి కదా అంటారు.

ఉన్నాయా? ఆ రెండెకరాల్లో మామిడి పెట్టకూడదు, కొబ్బరి పెట్టకూడదు, టేకు మాట ఎత్తనే కూడదు. పెరిగి తీగ దరిదాపులకు వచ్చే చెట్టు ఏదైనా కొట్టేస్తారు. ఇల్లు కట్టుకోవడానికి లేదు. రాయలసీమలో పాత బోరు ఎండిపోతే కొబ్బరికాయ చేత పట్టుకుని నీళ్ల పాయింటు చూసే పెద్దమనిషిని పిలుస్తారు. ఆయన చూపిన పాయింటు తీగల కిందే పడిందంటే రిగ్గు రాదు. వచ్చినా దాని స్తంభం పైకి లేపడానికి ఏ డ్రైవరూ సాహసించడు. బోరు లేని చోట చీనీ తోట లేదు. తోట లేకపోతే వాన కోసం మొగం ఎత్తి చూసే వేరుశనగే గతి. సేద్యం చేసుకోవచ్చునన్న మాటకు అసలు అర్థం ఇది: ఏం పండించాలో ఇక రైతు నిర్ణయించడు, తీగ నిర్ణయిస్తుంది.

ఢిల్లీలో మార్గదర్శకాలు రాసిన వారు ఒక్క రాత్రి, తుంపర పడుతున్నప్పుడు, 765 కేవీ లైను కింద నిలబడి చూడాలి. తీగలు పెనం మీద నూనెలా చిటపటమంటుంటాయి. ట్యూబ్‌లైటు చేత పట్టుకుంటే ఏ వైరూ కలపకుండానే మసక మసగ్గా వెలుగుతుంది. ఎర్తింగు సరిగా లేని ఇనుప కంచెకు చేయి తగిలితే జివ్వుమంటుంది. దీనివల్ల ప్రాణహాని లేదని ఇంజనీర్లు చెబుతారు, నిబంధనల ప్రకారం కడితే అది నిజం కూడా. అయితే కలుపు తీయడానికి వచ్చే కూలీలకు ఆ నిబంధనల పుస్తకం ఎవరు చదివి వినిపిస్తారు? పక్క చేలోకి పోయినంత తేలిగ్గా ఆ చేలోకి వాళ్లు రారు.

ఇంకా విడ్డూరం కాగితాల్లో ఉంది. తీగ పోయిన పొలానికి ఈసీ తీయించి చూడండి. తనఖా ఉంటే కనిపిస్తుంది, అమ్మకం ఉంటే కనిపిస్తుంది. తీగ అమ్మకమూ కాదు, తనఖా కాదు కాబట్టి కనిపించదు. పాస్ పుస్తకంలో విస్తీర్ణం సెంటు కూడా తగ్గదు. కాగితం మీద ఆ భూమికి మచ్చ లేదు. కూతురి పెళ్లికో పెద్ద జబ్బుకో అమ్మకానికి పెడితే కొనేవాడు ఈసీ చూడడు, తలెత్తి పైకి చూస్తాడు. మళ్లీ రాడు.

పల్లెలో భూమి అంటే పంట ఒక్కటే కాదని తెలుగు నేల మీద పుట్టిన వారెవరికైనా తెలుసు. అది రైతుకు బ్యాంకు, బీమా, పింఛను. పైగా నేడు పల్లె అయినది రేపూ పల్లెగానే ఉంటుందన్న పూచీ ఎవరిచ్చారు? కర్నూలు దగ్గరి ఓర్వకల్లునే తీసుకుందాం. ఒకప్పుడు రాళ్లు, మెట్ట చేలు. ఆ పక్కనే గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2021లో విమానాశ్రయం తెరిచారు. 2024 ఆగస్టులో కేంద్రమే దాన్ని పారిశ్రామిక నగరంగా ప్రకటించింది. ఇలాంటి ఊళ్లో పల్లె లెక్కన ముప్పై శాతం పుచ్చుకున్న రైతు, చుట్టూ లేఅవుట్లు లేచే రోజున తన ముక్క మాత్రం ఖాళీగా పడి ఉండడం చూస్తూ కూర్చోవాలి. అరవై శాతం ఇచ్చే నగరం ఆ ఊరికి వస్తుంది, అరవై శాతం మాత్రం రాదు.

పట్టా చెక్కుచెదరదని ప్రభుత్వం కూడా నిజంగా నమ్మడం లేదు. ఆ సంగతి దాని సొంత ఉత్తర్వులే చెబుతాయి. 2015 అక్టోబరు దాకా తీగల దారికి కేంద్రం నిర్ణయించిన రేటంటూ లేదు, పంట, చెట్ల నష్టంతో సరిపెట్టేవారు. ఆ ఏడాది 15 శాతానికి మించకుండా ఇవ్వాలన్నారు. 2024 జూన్‌లో దాన్ని 30 చేశారు. టవర్ కాళ్లు దిగే జాగాకు 85 శాతం నుంచి ఏకంగా 200 శాతానికి వెళ్లారు. ఈ పదేళ్లలో కరెంటు తీరు మారలేదు, తీగ కింద పొలం తీరూ మారలేదు. మారిందల్లా రైతుల ప్రతిఘటన, దానివల్ల ఆగిన పనులు. అంటే ఈ శాతాలు నష్టాన్ని కొలిచి వేసినవి కావు, ఎంత ఇస్తే అడ్డు తొలగుతారో బేరమాడి వేసినవి. నగరాల్లో గట్టిగా అడుగుతారు కాబట్టి అరవై.

చట్టం సంగతి మరీ చిత్రం. విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ తీగలు వేసే సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు కట్టబెడుతుంది. భూమి మీద వాడుక హక్కు తప్ప మరే హక్కూ తీసుకోవడం లేదన్న మెలిక తెల్లవాడు రాసిందే. టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది. 2023లో తెచ్చిన కొత్త టెలికాం చట్టంలో ఆ పాత చట్టం రద్దునూ రాశారు. తీగల కోసం మాత్రం దాని మూడో భాగాన్ని అట్టే బతికించి ఉంచారు. టెలిగ్రాఫ్ స్తంభానికి, రెండు సన్నటి తీగలకు రాసిన మాట 67 మీటర్ల దారికి ఎలా అతుకుతుందో చెప్పిన వారు లేరు. రైతు ముందస్తు సమ్మతి అవసరం లేదని 2016లో సుప్రీంకోర్టు అన్నది నిజమే. అదే కోర్టు 2007లో కేరళ విద్యుత్ బోర్డు కేసులో మరో మాట కూడా అంది: తీగ చిన్న కమతం మీదుగా పోతోందా, భూమి నట్టనడుమ నుంచి పోతోందా చూడాలి, యజమాని ఆ భూమిని ఉద్దేశించిన పనికి వాడుకునే హక్కునే కోల్పోవచ్చు అని. అధికారులకు మొదటి తీర్పు కంఠస్థం, రెండోది గుర్తుకే రాదు.

2025 మార్గదర్శకాల్లో ఒక మేలు ఉందని ఒప్పుకోవాలి. రిజిస్ట్రేషన్ పుస్తకంలోని రేటు కాకుండా మార్కెట్ రేటు కట్టమన్నారు, దానికి జిల్లా స్థాయిలో కమిటీ వేయమన్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఇందులోనూ ఒక మడతపేచీ ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు భాషలో ‘మార్కెట్ విలువ’ అంటే ప్రభుత్వం రాసుకున్న పుస్తకం రేటే. జనం నిజంగా కొనే రేటును బయట రేటు అంటారు. కమిటీ ఏ మార్కెట్ చూస్తుందో జీవోలో విడమరిచి రాయకపోతే, మాట మారి లెక్క అక్కడే ఆగుతుంది. ఇక కౌలు రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు. అతనికి ఆ ఏటి పంట నష్టమైనా అందితే అదృష్టం.

పరిహారం పెంచితే కరెంటు చార్జీలు పెరుగుతాయన్నది అవతలి వారి గట్టి వాదన, కొట్టిపారేయదగ్గది కాదు. భూగర్భ కేబుళ్లు వేయమంటే ఖర్చు ఎన్నో రెట్లన్నదీ నిజమే. అయితే 2025 జూన్ నెలాఖరులోగా మొదలయ్యే సోలార్, పవన ప్రాజెక్టులకు అంతర్‌రాష్ట్ర సరఫరా చార్జీలు పాతికేళ్లు మాఫీ చేసినప్పుడు ఆ భారం ఎవరి బిల్లుల్లోకి పోతుందో ఎవరూ కంగారుపడలేదు. రైతు నోరు తెరిచినప్పుడే వినియోగదారుడు గుర్తుకొస్తాడు.

పరిహారాన్ని ఒక్క దఫాలో వదిలించుకోవడంలోనే అసలు అన్యాయం ఉంది. పోటీ బిడ్డింగ్‌లో లైను దక్కించుకున్న కంపెనీకి 35 ఏళ్లపాటు ఏటేటా చార్జీ వస్తుంది. సోలార్ పలకలకు భూమిచ్చిన రైతుకు ఏటా కౌలు వస్తుంది, కొన్నేళ్లకోసారి పెంపు కూడా ఉంటుంది. ఆ పలకల నుంచి కరెంటు మోసుకుపోయే తీగకు దారిచ్చే రైతుకు మాత్రం ఒకే ఒక్క చెక్కు. ఆ కరెంటులో ఒక్క యూనిట్ కూడా అతని మోటారుకు రాదు.

భూమి నిజంగా రైతుదే అయితే దాన్ని వాడుకుంటున్నవారు కౌలుదారులే. కౌలు కట్టాలి. తీగల దారికి ఎకరానికి ఏటా ఇంత అని, లైను ఉన్నన్నాళ్లూ, పెంపు షరతుతో. కమతంలో సగానికి పైగా తీగల కిందికి పోయే చిన్న రైతు మొత్తం పొలాన్ని కొనేయమని అడిగితే, బయట రేటు కట్టి కొనాల్సిందే. మార్గదర్శకాలను ఉన్నదున్నట్టు తీసుకోనక్కర్లేదు, మార్చుకునే వీలు రాష్ట్రాలకు ఉంది. అమరావతి, హైదరాబాద్ కేంద్రం ఉత్తర్వుకు నకలు తీసి సంతకం పెట్టడం మాని, తమ జీవోలు తామే రాసుకోవాలి. కర్నూలు, అనంతపురం సోలార్, పవన విద్యుత్ జోన్ల నుంచి కరెంటు మోసే తదుపరి లైన్లకు టెండర్లు పిలిచేటప్పుడు, ఉక్కు, అల్యూమినియం తీగ, ఇన్సులేటర్ల ఖర్చుల పక్కన ‘రైతుకు ఏటా కౌలు’ అనే పద్దు కూడా చేర్చి, దాన్ని కలుపుకునే కంపెనీలు రేటు కోట్ చేయాలని షరతు పెట్టాలి.