సందేహం ఎక్కడ అడగాలి?

పిల్లలూ, బదిలీ ఉత్తర్వు వస్తే ముందు బడి మారుతుంది, తర్వాత ఇల్లు, కొన్నాళ్లకు ఫోన్ నంబరు కూడా. పాత తరగతి వాట్సాప్ గ్రూపులోంచి ఒకరోజు మన పేరు తీసేస్తారు. ఆ తర్వాత అక్కడ ఎవరు ఏం చెప్పినా మనకు చేరదు. అందుకే నా అభిప్రాయం ఇది: రేపు కళాశాలకు వెళ్లాక పాఠం మీద సందేహం వస్తే, ఆ కోర్సు నడిచే ఆన్‌లైన్ వేదికలోనే అడగండి.

ఇది దూరపు ముచ్చట కాదు. 2017 జులై 9న మొదలైన కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదికలో తొమ్మిదో తరగతి నుంచి పీజీ దాకా కోర్సులున్నాయి. వీడియో, చదువుకునే పాఠం, స్వీయ పరీక్షలతో పాటు చర్చావేదిక కూడా అందులో ఒక భాగం. డిగ్రీ విద్యార్థులు ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా 'స్వయం' ద్వారా చదవడానికి యూజీసీ 2021లో వీలు కల్పించింది. ఇక ఎన్నో విశ్వవిద్యాలయాలు వాడే 'మూడిల్' 2002లో వచ్చింది. అందులో ఫోన్ నంబరు తెలియకపోయినా అదే కోర్సులోని అధ్యాపకులకు, తోటివారికి సందేశం పంపవచ్చు.

దూరం సంగతి మన పుదుచ్చేరి వాళ్లకు బాగా తెలుసు. విశ్వవిద్యాలయం ఇక్కడ కాలాపట్టులో ఉంది. దానికి అనుబంధమైన కళాశాల ఒకటి సుమారు 800 కిలోమీటర్ల అవతల, గోదావరి తీరాన యానాంలో ఉంది. అంత దూరంలో ఉన్న విద్యార్థి అధ్యాపకుల గది ముందు నిలబడి అడగలేడు కదా!

ఎన్నో ఊళ్లలో పనిచేశాను. ప్రతిచోటా చూసింది ఒకటే: ఏడాది మధ్యలో వచ్చి చేరిన పిల్లలు వారాల తరబడి నోరు విప్పరు. తరగతి అంతా తమవైపు తిరిగి చూస్తుందని బెరుకు. అలాంటివారికి రాసి అడిగే దారి గొప్ప ధైర్యం. పైగా ముక్కూమొహం తెలియని అరవైమంది చేతిలో సొంత నంబరు పెట్టనక్కరలేదు.

"వాట్సాప్‌లో జవాబు వెంటనే వస్తుంది కదా మేడమ్?" అంటారు. వస్తుంది, నిజమే. కానీ అది పుట్టినరోజు శుభాకాంక్షల కింద పడిపోతుంది. చాలాసార్లు వచ్చేది వివరణ కాదు, ఎవరో చేసిన లెక్కకు తీసిన ఫొటో.

అందరికీ పనికొచ్చే సందేహాన్ని చర్చావేదికలో అడగండి. మార్కులు, అనారోగ్యం వంటి సొంత విషయాలను విడి సందేశంలో రాయండి. పేరు, రోల్ నంబరు, ఏ పాఠం, మీరు ఎంతవరకు ప్రయత్నించారు, ఎక్కడ ఆగారు అన్నవి చెప్పండి. "అర్థం కాలేదు సార్" అని ఊరుకుంటే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? కోర్సు ముగిశాక కొన్నిచోట్ల లోపలికి వెళ్లనివ్వరు కాబట్టి, ముఖ్యమైన జవాబులను నోటుపుస్తకంలో ఎక్కించుకోండి.

బాధ్యత మా ఉపాధ్యాయుల మీదా ఉంది. మేము సందేశాలు తెరిచి చూడకపోతే పిల్లలు మళ్లీ అడగరు. రోజూ ఒక వేళ పెట్టుకుని, ఆ వేళ ముందే చెప్పి, రెండు వాక్యాలైనా జవాబు రాయాలి. కొత్త ఊరికి వచ్చిన పిల్లవాడికి ఆ రెండు వాక్యాలే మొదటి పలకరింపు కావచ్చు.