పెట్టె మనది, తాళంచెవి కంపెనీదా?



బియ్యం ధర కిలోకు రెండు రూపాయలు పెరిగితే అంగట్లో నిలబడి గట్టిగా అడుగుతాం. రైలు పాసు ధర పెరిగితే స్టేషనులోనే గుంపుగా చేరి మాట్లాడుకుంటాం. టీవీకి నెలనెలా కట్టే డబ్బు గురించి మాత్రం ఎవరం నోరెత్తం. ఒక లైనులో 100 ఇళ్లు ఉన్నాయనీ, ఇంటికి నెలకు 300 రూపాయల చొప్పున రీచార్జి చేస్తున్నామనీ అనుకుందాం. ఆ ఒక్క లైను నుంచే ఏడాదికి 3 లక్షల 60 వేల రూపాయలు డీటీహెచ్ కంపెనీలకు చేరుతున్నాయి. ఇంత సొమ్ము ముందుగానే కట్టేసి, వాన పడిన సాయంత్రం బొమ్మ రాని తెర ముందు కూర్చుంటున్నాం.

"ఈ డిష్ తీసేసి ఏ కంపెనీది పెట్టించుకుంటే మంచిది?" అని రాబర్ట్‌సన్‌పేట నుంచీ, బంగారుపేట నుంచీ, ముళబాగిలు నుంచీ మనవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఫలానా కంపెనీలో చేరండని చెప్పడం ఈ పత్రిక పని కాదు. మా అభిప్రాయం మాత్రం స్పష్టంగా చెబుతాం. మార్చే ముందు లోపం ఎక్కడుందో చూసుకోవాలి. మార్చక తప్పకపోతే దేనికెంత కడుతున్నామో తెలుసుకుని మార్చాలి. అన్నిటికీ మించి, మనం కొన్న పెట్టె ఏ కంపెనీకైనా పనికొచ్చేలా ఉండాలని అందరం కలిసి అడగాలి.

మన ఇళ్లకు డిష్ వచ్చిన కాలం

బంగారు గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. దేశంలో మొదటి ప్రైవేటు డీటీహెచ్ సేవ, డిష్ టీవీ, 2003లో మొదలైంది. నెల జీతం ఆగిపోయిన ఊరికి, ముందు డబ్బు కట్టి తరువాత బొమ్మ చూసే పద్ధతి వచ్చిందన్నమాట. 2004 డిసెంబరులో దూరదర్శన్ నెలసరి రుసుము లేని డిష్‌ను తెచ్చింది. 2006లో టాటా స్కై, ఆ మరుసటి ఏడాది సన్ డైరెక్ట్, 2008లో రిలయన్స్, ఎయిర్‌టెల్, 2009లో వీడియోకాన్ వచ్చాయి. పోటీ ఉన్న ఆ రోజుల్లో కంపెనీల మనుషులు మన వాకిళ్లలో క్యూ కట్టారు.

ఇప్పుడా సందడి లేదు. రిలయన్స్ వారి సేవ కనుమరుగైంది. వీడియోకాన్ డీటూహెచ్ 2018లో డిష్ టీవీలో కలిసిపోయింది. టాటా స్కై 2022 జనవరిలో టాటా ప్లేగా పేరు మార్చుకుంది. మిగిలిన ప్రైవేటు కంపెనీలు నాలుగే. దేశమంతటా 2020లో సుమారు 7 కోట్లున్న డీటీహెచ్ చందాదారులు 2025 నాటికి 6 కోట్లకు లోపయ్యారు. చందాదారులు తగ్గుతున్నప్పుడు ఉన్నవాళ్లను పోనివ్వకుండా పట్టుకోవాలని ప్రతి కంపెనీ చూస్తుంది. ఆ పట్టు ఏమిటో తరువాత చెబుతాం.

మన ప్రాంతానికి మరో సంగతి ఉంది. ఇక్కడ ఒకే ఇంట్లో మూడు భాషలు నడుస్తాయి. అవ్వకు తెలుగు సీరియల్ కావాలి, పక్కింటివాళ్లతో కలిసి చూసేది తమిళ సినిమా, పిల్లలు బడిలో చదివేది కన్నడం. కర్ణాటక చిరునామా చెప్పగానే కంపెనీ మనిషి కన్నడ ప్యాకు చూపిస్తాడు. తెలుగుకు కొంత, తమిళానికి కొంత పైన వేస్తాడు. "మూడు భాషలకూ కలిపి, పన్నుతో సహా నెలకెంత?" అన్న ఒక్క ప్రశ్న అడగకుండా ఏ కంపెనీలోనూ చేరవద్దు. చూడని చానళ్లను తీసేయమని అడిగే హక్కు మనకు 2019 ఫిబ్రవరి నుంచి ఉంది. చానళ్లను విడివిడిగా ఎంచుకునే పద్ధతి అప్పుడే అమలైంది.

లోపం ఆకాశంలోనా, మన గోడమీదా?

ఉపగ్రహం నుంచి మన డిష్‌కు వచ్చే తరంగాలను గట్టి వాన మింగేస్తుంది. ఈ తంటా అన్ని డీటీహెచ్ కంపెనీలకూ ఉంది, ఎందుకంటే అన్నీ వాడేది ఒకే రకం తరంగాలు. కోలారు జిల్లాలో వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. అదీ సాయంత్రం పూట, అందరూ టీవీ ముందు కూర్చునే వేళకు. పావుగంట గట్టి వానలో బొమ్మ పోయి, వాన తగ్గగానే వస్తే, దానికోసం కంపెనీ మార్చి ప్రయోజనం లేదు. మార్చి మధ్యలోనూ, సెప్టెంబరు చివర్లోనూ కొన్ని రోజులు సూర్యుడు ఉపగ్రహానికి సరిగ్గా వెనుకకు వస్తాడు. అప్పుడు మధ్యాహ్నానికి ముందు కొద్ది నిమిషాలు బొమ్మ చెదురుతుంది. దానికీ మందు లేదు.

చిన్న తుంపరకే బొమ్మ పోతున్నా, ఎండకాసే రోజునా గళ్లుగళ్లుగా విరుగుతున్నా లోపం మన గోడమీద ఉందని అర్థం. గాలికి డిష్ పక్కకు జరిగి ఉండవచ్చు, కేబుల్ కొసన పిన్ను తుప్పు పట్టి ఉండవచ్చు, డిష్ ముందుండే చిన్న డబ్బాలోకి నీరు దిగి ఉండవచ్చు. పెట్టె మెనూలో సిగ్నల్ బలం, సిగ్నల్ నాణ్యత అని రెండు గీతలు కనబడతాయి. చూడవలసింది నాణ్యత. బలం నిండుగా ఉండి నాణ్యత పడిపోతుంటే మొదట డిష్ దిశనే అనుమానించాలి. కొత్త కనెక్షన్ ఖర్చులో చిన్న వంతుతో ఇది సరవుతుంది.

ఇక దిశ సంగతి. మన దేశానికి డీటీహెచ్ అందించే ఉపగ్రహాలన్నీ కె.జి.ఎఫ్. నుంచి చూస్తే దక్షిణానికీ తూర్పుకూ మధ్యన ఉన్నాయి. టాటా ప్లేది 83 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. మన ఊరికి అది దాదాపు దక్షిణంగా, 74 డిగ్రీల ఎత్తులో, అంటే ఇంచుమించు నడినెత్తిన ఉన్నట్టే. దూరదర్శన్ ఫ్రీ డిష్ 93.5 డిగ్రీల దగ్గర, డిష్ టీవీ 95 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఇవి ఆగ్నేయంగా సుమారు 65 నుంచి 67 డిగ్రీల ఎత్తులో పడతాయి. ఎయిర్‌టెల్‌ది 108 డిగ్రీలు. అది ఇంకా తూర్పుకు జరిగి, 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది.

ఈ అంకెలు దేనికంటే, అడ్డు లెక్క వేసుకోవడానికి. డిష్ కంటే 10 అడుగులు ఎత్తైన గోడో చెట్టో ఆ దిక్కున ఉందనుకోండి. ఎయిర్‌టెల్ డిష్ దానికి కనీసం 8 అడుగుల దూరంలో ఉండాలి. ఆగ్నేయంగా చూసే డిష్‌లకు 5 అడుగులు, టాటా ప్లేకు 3 అడుగులు చాలు. ఇరుకు సందులో ఇల్లున్నవాళ్లకు, తూర్పు వైపు మేడ లేచినవాళ్లకు ఈ తేడా ముఖ్యం. డిష్ ముఖం చూసి అంచనా వేయకండి, దాని చూపు ముఖం కంటే ఇంకా పైకి ఉంటుంది. సైనైడ్ దిబ్బ అడ్డువస్తుందేమోనని కొందరికి భయం. దిబ్బ పక్కనే ఆనుకుని ఇల్లుంటే తప్ప ఆ బెంగ అక్కర్లేదు.

ఉపగ్రహం ఇంత ఎత్తున ఉంది కనుక మన ప్రాంతంలో డిష్‌ను ఇంటి నెత్తిన పెట్టించవలసిన పనిలేదు. పాత లైన్ల ఇళ్లమీది రేకులు డిష్ బరువుకు వంగుతాయి, గాలికి అదురుతాయి. తెరిపిగా ఉన్న చోట నేలలో కడ్డీ పాతి, సిమెంటు పోసి బిగిస్తే అంతకంటే గట్టిగా నిలుస్తుంది. రేకుకు చిల్లు పడదు, వానకు ఇల్లు కురవదు.

లోపం నిజంగానే ఆకాశంలో ఉన్న సందర్భమూ చూశాం. 2010 జూలైలో ఇన్సాట్-4బి ఉపగ్రహంలో విద్యుత్ లోపం వచ్చి సగం ప్రసార పరికరాలను ఆపేయవలసి వచ్చింది. దానిమీద నడుస్తున్న సన్ డైరెక్ట్ మరో ఉపగ్రహానికి మారింది. ఇళ్లమీది డిష్‌లను కొత్త దిక్కుకు తిప్పుకోవలసి వచ్చింది. తప్పు చందాదారుడిది కానప్పుడు తిప్పే ఖర్చు కూడా చందాదారుడిది కాకూడదు.

రికార్డింగ్ ఎవరికి కావాలి?

రికార్డింగ్ అంటే డబ్బున్నవాళ్ల సరదా అని కొందరంటారు. మేము ఒప్పుకోం. గని పోయాక మన ఊరి నుంచి ఎన్ని వేల మంది తెల్లవారకముందే మారికుప్పం, ఊరిగాం, బంగారుపేటల్లో బెంగుళూరు రైలెక్కుతున్నారో అందరికీ తెలుసు. వాళ్లు ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. మిల్లులో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు పగలు నిద్రపోతారు. ప్రసార సమయాలు ఎవరి తీరికను బట్టి పెట్టారో కానీ, షిఫ్టు కార్మికుడి తీరికను బట్టి మాత్రం కాదు. ఇంటిల్లిపాదీ కలిసి సినిమా చూడగలిగేది వారపు సెలవునాడే. అలాంటప్పుడు రికార్డింగ్ అవసరం అందరికంటే మనకే ఎక్కువ.

టాటా స్కై 2008లో హార్డ్ డిస్క్ ఉన్న రికార్డింగ్ పెట్టెను తెచ్చింది. తరువాత కొన్ని కంపెనీల మామూలు పెట్టెలకే పెన్ డ్రైవ్ పెట్టి రికార్డు చేసే వీలు వచ్చింది. కొనేముందు అడగవలసినవి ఇవి. ఒక చానల్ రికార్డవుతుండగా మరొకటి చూడవచ్చా? లోపల రెండు ట్యూనర్లు ఉన్న పెట్టెలోనే అది సాధ్యం. రికార్డింగ్‌కు వేరే రుసుము ఉందా? కరెంటు పోతే ఏమవుతుంది? పెట్టెకు కరెంటు ఆగితే రికార్డింగూ ఆగినట్టే. మామూలు చానల్ గంటకు సుమారు ఒక జీబీ పడుతుంది, హెచ్‌డీ అయితే దానికి మూడింతలు పట్టవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరి ప్రశ్న: కంపెనీ మారితే మన రికార్డింగులు ఏమవుతాయి? జవాబు చేదుగా ఉంటుంది. ఆ ఫైళ్లకు తాళం వేసి ఉంటుంది. రికార్డు చేసిన పెట్టెలోనే అవి నడుస్తాయి, వేరే పెట్టెలో పెడితే తెరుచుకోవు. అందుకని దాచుకోవడానికి కాక, ఈ వారం తప్పిపోయింది వచ్చే వారంలోగా చూసుకోవడానికి మాత్రమే రికార్డింగ్‌ను నమ్ముకోండి. ఫోనులో యాప్ ద్వారా చూసుకోవచ్చని కంపెనీలు చెబుతాయి. అప్పుడు ఖర్చయ్యే డేటా డబ్బు కూడా మన జేబులోదే, దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

అసలు పట్టు ఇక్కడుంది

కంపెనీ మార్చినప్పుడు డిష్, కడ్డీ, కేబుల్ చాలావరకు పనికొస్తాయి, దిశ మార్చుకుంటే సరిపోతుంది. పనికిరానిది పెట్టె ఒక్కటే. ప్రసారాన్ని విప్పే తాళం ఒక్కో కంపెనీది ఒక్కో రకం. పెట్టెకు డబ్బు కట్టింది మనం, కరెంటు మనది, మరో కంపెనీకి మారగానే అదే పెట్టె అటకమీద చెత్త.

ఇలా ఉండకూడదని ప్రభుత్వానికి తెలియకపోలేదు. 2001 నాటి డీటీహెచ్ లైసెన్సు నిబంధనల్లోనే, పెట్టెలు ఒక కంపెనీకే కట్టుబడి ఉండరాదన్న షరతు ఉంది. పందొమ్మిదేళ్ల తరువాత, 2020 ఏప్రిల్‌లో, అన్ని పెట్టెలూ అన్ని కంపెనీలకూ పనికొచ్చేలా తప్పనిసరి చేయాలని ట్రాయ్ ప్రభుత్వానికి సిఫారసు చేసింది. మన ఇళ్లలో మాత్రం ఈనాటికీ ఒక కంపెనీ పెట్టె మరో కంపెనీకి పనిచేయదు. సెల్‌ఫోను నంబరు మార్చుకోకుండానే కంపెనీ మార్చుకునే హక్కు 2011 జనవరిలో దేశమంతటా వచ్చింది. ఫోనుకు సాధ్యమైంది టీవీ పెట్టెకు సాధ్యం కాదంటే ఎవరు నమ్ముతారు?

ఈలోగా ఉన్న రక్షణలూ పలచబడ్డాయి. 2017 నిబంధనల ప్రకారం బిగింపు ఖర్చు 350 రూపాయలకు, యాక్టివేషన్ 100 రూపాయలకు మించరాదు. 2019 నుంచి నెట్‌వర్క్ రుసుముకు 130 రూపాయల పరిమితి ఉండేది. 2024 జూలైలో ట్రాయ్ ఈ పరిమితులను ఎత్తివేసి, ధరలను కంపెనీలకే వదిలింది. ఆ ధరలను అందరికీ తెలిసేలా ప్రకటించాలన్న షరతు మాత్రం ఉంచింది. పోటీ ఉంటే ధరలు వాటంతటవే అదుపులో ఉంటాయన్నది దీని వెనుక వాదన. కంపెనీ మార్చినప్పుడల్లా కొత్త పెట్టె కొనవలసిన మనిషికి ఆ పోటీ వల్ల ఒరిగేదేమిటి? ముందు పెట్టెల తాళాలు విప్పించి, ఆ తరువాత పరిమితులు ఎత్తివేసి ఉంటే ఆ వాదనలో న్యాయం ఉండేది.

1902లో శివసముద్రం నుంచి కరెంటు మన గనులకు వచ్చింది. అది కంపెనీ యంత్రాల కోసం వచ్చిన కరెంటు. ఆ యంత్రాలు నడిపింది మన పెద్దలే అయినా, అవి కంపెనీవి, అందులో మోసం లేదు. మనం సొమ్ము పెట్టి కొన్న పెట్టె మన ఇంట్లో ఉండి కూడా కంపెనీ మాటే వినడం వేరే సంగతి.

ఇప్పుడు ఏం చేయాలి?

నెల రీచార్జితో మూడు నెలలు చూసిన తరువాతే ఆరు నెలల, ఏడాది ప్యాకుల జోలికి వెళ్లండి. పాత కంపెనీ దగ్గర నిల్వ ఉన్న డబ్బు అయిపోయాకే కొత్తది పెట్టించండి. పెట్టె అద్దెకు ఇస్తారా అని అడగండి, కొనడంతో పాటు అద్దె పద్ధతి కూడా నిబంధనల్లో ఉంది. బిగించడానికి వచ్చిన మనిషి చేతికి డబ్బు ఇచ్చేముందు రసీదు అడగండి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. పని తగ్గి చేతిలో డబ్బు ఆడని నెలల్లో దూరదర్శన్ ఫ్రీ డిష్‌ను చిన్నచూపు చూడవద్దు. పే చానళ్లన్నీ అందులో రావు, కానీ ఒకసారి పెట్టించుకుంటే నెలకు కట్టేది ఏమీ లేదు.

ఒంటరిగా ఫోను చేసేవాడికి కంపెనీ వినిపించేది సంగీతం. ఒక లైనువాళ్లంతా, ఒక వీధివాళ్లంతా తమ ఫిర్యాదు నంబర్లు కలిపి ఒకే కాగితం మీద రాసి పంపితే జవాబు ఇవ్వక తప్పదు. అదే కాగితం మీద, పెట్టెలు అన్ని కంపెనీలకూ పనికొచ్చేలా చేయాలన్న 2020 నాటి సిఫారసును అమలు చేయమని కూడా రాద్దాం. దాని ప్రతి ఒకటి ట్రాయ్‌కీ, మరొకటి మన పార్లమెంటు సభ్యుడికీ పంపుదాం. అటకమీది పాత పెట్టెలను అప్పుడే తూకానికి అమ్మేయవద్దు. ఏ వీధిలో అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క రాసి తెమ్మని మిత్రులందరికీ విజ్ఞప్తి చేస్తున్నాం. ఆ లెక్కను కూడా కాగితానికి జతచేద్దాం.