వెల్లీస్‌కి అర్థం వెతికాం, సరే

"అక్కా, వెల్లీస్ అంటే ఏంది?" అని చెల్లెలు ఫోన్ చేసింది. తన నాలుగేళ్ళ కూతురు పెప్పా పిగ్ చూస్తోంది. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఆ పందిపిల్ల కార్టూన్ ఇప్పుడు మా అనంతపురం ఇంట్లో పొద్దస్తమానం మోగుతోంది. చెల్లెలు పక్కన కాగితం పెట్టుకుని తెలియని మాటలన్నీ రాసుకుంటోంది. వెల్లీస్, జంబుల్ సేల్, ప్లేగ్రూప్. పాప అడిగినప్పుడు చెప్పలేకపోతే నామోషీ అట. ఆ నామోషీ పాప నాన్నకెందుకు లేదో! తల్లి చాకిరీలో బిడ్డ ఇంగ్లీషు కూడా చేరిపోయిందన్నమాట.

సాహిత్యంలో డాక్టరేట్ ఉంది కదా అని నన్నడిగింది. నా పరిశోధనలో రబ్బరు బూట్లు ఎక్కడా తగల్లేదు. వెతికి చెప్పాను, వెల్లింగ్టన్ బూట్లకి ముద్దుపేరని. ఆ వెల్లింగ్టన్ ఎవరో కాదు, 1799లో శ్రీరంగపట్నం మీదికి నిజాం సేనను నడిపించిన ఆర్థర్ వెల్లెస్లీ. అతని అన్న గవర్నర్ జనరల్‌గా ఉండగా 1800లో నిజాంతో కుదిరిన ఒప్పందంతోనే మా అనంతపురం కంపెనీ పాలై దత్తమండలాల్లో కలిసింది. వానగుంట కనిపిస్తే పండగ చేసుకునే ఊళ్ళో పిల్ల ఆయన పేరున్న బూట్ల కోసం ఏడుస్తోంది.

అయినా తెలియని మాటతో పెద్ద ప్రమాదం లేదు. దాని దగ్గర ఆగుతాం, అడుగుతాం. నా గొడవంతా తెలిసిన మాటలతోనే.

ఫైర్‌మన్ అంటే ఏమిటని మా చెల్లెలు అడగలేదు. ఈ కార్టూన్లో ఆ మాట వాడినందుకు 2019లో లండన్ అగ్నిమాపక దళమే బహిరంగంగా అభ్యంతరం చెప్పింది, ఆడపిల్లలు ఆ ఉద్యోగం తమది కాదనుకుంటారని. ఇంత చిన్నమాటకి అంత రాద్ధాంతమా అని ఎగతాళి చేసినవాళ్ళకి కొదవ లేదు. మన దగ్గర ఆ రాద్ధాంతం కూడా లేదు. 2022 తెలంగాణ నియామక ప్రకటనలోనూ ఆ ఉద్యోగం పేరు ఫైర్‌మనే.

ఇక మిస్ రాబిట్. తల్లులంతా మమ్మీ పిగ్, మమ్మీ రాబిట్. సొంత పేర్లు లేవు (నాన్నలకీ లేవు, నిజమే). ఈమె ఒక్కతే మిస్. బస్సు నడుపుతుంది, ఐస్‌క్రీమ్ అమ్ముతుంది, సూపర్‌మార్కెట్లో డబ్బులు తీసుకుంటుంది, లైబ్రరీ చూస్తుంది, హెలికాప్టర్‌లో వచ్చి కాపాడుతుంది. పెళ్ళికాని ఆడదానికి ఇంకేం పని, ఊరి పనులన్నీ చేస్తుందిలే అన్నట్టు! పిల్లలకది నవ్వులాట. చివరికి దేశంలో అందరికంటే ఎక్కువ కష్టపడుతుందని స్వయంగా రాణిగారు పిలిచి బహుమతి ఇస్తారు. పనులు మాత్రం ఒక్కటీ తగ్గవు.

ఈ బహుమతి మనకి కొత్తదా? మన అంగన్‌వాడీ అక్కలకిచ్చేదాని పేరే గౌరవ వేతనం. 2024 జనవరిలో వాళ్ళు సమ్మెలో ఉంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్మా తెచ్చింది. జీతం అడిగితే గౌరవ కార్యకర్తలు, సమ్మె చేస్తే అత్యవసర ఉద్యోగులు. నిఘంటువు తిరగెయ్యాల్సింది ఇలాంటి మాటలకి కాదూ?

మొన్న పాప అడిగింది, "పెద్దమ్మా, ఆ కుందేలు ఇంటికెప్పుడు పోతాది?" అని. నాకు జవాబు తోచలేదు. కాగితంలో జంబుల్ సేల్ కింద 'మిస్' అని కూడా రాయమన్నాను చెల్లెలితో.