పటిక తెలిసిన భాషకు కణజాలం తెలియదా?

"తెలుగులో విజ్ఞానశాస్త్రం కుదరదండీ, ఆ మాటలే లేవు" అని ఈమధ్య ఒక విద్యాధికులు నాతో సెలవిచ్చారు. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ని, ఊరకుండలేక ఈ నాలుగు ముక్కలు.

కిందటేడు ఇక్కడే, ఓరుగల్లులో, మా ఆవిడ కాలేయం నుండి చిన్న ముక్క తీసి పరీక్షించారు. నివేదికలో "మాసన్ ట్రైక్రోమ్" అన్న మాట చూచి ఏమిటని అడిగాను. "అది మీకు అర్థంకాదు లెండి" అన్నారు. అర్థం చేసుకొనే శక్తి నాకు లేక కాదు, చెప్పే ఓపిక వారికి లేక! ప్రయోగశాలలో పనిచేస్తున్న నా పూర్వశిష్యురాలు పావుగంటలో, తెలుగులోనే చెప్పింది.

పలుచగా కోసిన కణజాలానికి దాదాపు రంగుండదు. హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే మామూలు అద్దకంలో కేంద్రకాలు నీలమవుతాయి, తక్కినది గులాబీ. అవయవాలను కట్టిపట్టే కొల్లాజెన్ నారలూ గులాబీయే, కండరమూ గులాబీయే. ఏది ఏదో తేల్చడమెలా? 1889లో వాన్ గీసన్ పద్ధతి వచ్చింది: కొల్లాజెన్ ఎరుపు, కండరం పసుపు. 1929లో పియర్ మాసన్ మూడురంగుల పద్ధతి ప్రకటించాడు: కొల్లాజెన్ నీలం లేదా ఆకుపచ్చ, కండరం ఎరుపు. కాలేయంలో ఆ నీలం ఎంత మేర పాకిందో చూచి, మచ్చకట్టడం ఎంత ముదిరిందో అంచనా వేస్తారు. ఇందులో తెలుగుకు లొంగనిది ఏముంది?

హెమటాక్సిలిన్ మెక్సికో ప్రాంతపు ఒక చెట్టు మానునుండి తీసే రంగు. తనంతట తాను గట్టిగా అంటదు. పటిక తోడైతేనే కేంద్రకాన్ని పట్టుకుంటుంది. ఈ కిటుకు పెడన కలంకారీ పనివారికి కొత్తదా? కరక్కాయ రసంలో నానిన బట్టమీద పటిక అద్దినచోటనే మంజిష్ఠ ఎరుపెక్కుతుంది. ఏ ఆంగ్లగ్రంథమూ చదవకుండానే వారు తరతరాలుగా ఆ పని చేస్తున్నారు.

అయితే మా పండితవర్గమూ నిర్దోషి కాదు. "సంయోజక కణజాలం" అని బట్టీ పట్టించాము గాని, అది దేనిని దేనితో కలుపుతుందో చెప్పామా? "అవయవాలను కట్టిపట్టే అల్లిక" అని ముందు చెప్పి, తరువాత ఆ పారిభాషికపదం ఇస్తే సరిపోయేది. కొల్లాజెన్ వంటి పేర్లను ఉన్నవి ఉన్నట్లే ఉంచుకుందాం. పేరు పరభాషదైనంత మాత్రాన వాక్యం పరభాషది కానక్కరలేదు.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు వైద్యవిద్యను ఉర్దూలో బోధించారు. ఈ నేలమీదనే ఒక దేశభాషకు సాధ్యమైనది మరొక దేశభాషకు అసాధ్యమా?

మిత్రులారా, తన దేహంలో ఏమి జరుగుతున్నదో తన భాషలో తెలుసుకోవడం రోగి హక్కు. కాదనేవారు రండి, వాదిద్దాం. కాని తెలుగులోనే!