ప్రతినాయకుడు పెరిగేకొద్దీ

క్రిస్టీ గోల్డెన్ 2009లో వెలువరించిన 'ఆర్థాస్' నవలను చదివినవారికి ఒక ఆశ్చర్యం కలగక మానదు. కంప్యూటర్ ఆటకు అనుబంధంగా వచ్చిన పుస్తకం ఇంత పట్టుగా ఎలా నడిచింది? రచయిత్రి నేర్పు కొంత. అంతకుమించి, ఆమె చేతికందిన సరుకు గట్టిది. బ్లిజార్డ్ సంస్థ 2002లో విడుదల చేసిన 'వార్‌క్రాఫ్ట్ 3' ఆటలోనే ఆ యువరాజు పతనానికి ప్రధానమైన ఘట్టాలన్నీ ఉన్నాయి. అదే లోకంలో 2004 నవంబరు నుండి సాగుతున్న 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆ సరుకును ఎలా ఖర్చుపెట్టిందో తలచుకుంటే మాత్రం విచారం కలుగుతుంది.

ఆర్థాస్ లోర్డెరాన్ రాజ్యానికి యువరాజు. అతడు స్ట్రాథోల్మ్ నగరానికి చేరేసరికే విషం సోకిన ధాన్యం ఇంటింటికీ వెళ్ళిపోయింది. తిన్నవారు మరణించి, మళ్ళీ లేచి, శత్రుసేనలో కలుస్తారు. మందు లేదు, వ్యవధి లేదు. ఊరినంతా నరికివేయమని యువరాజు ఆజ్ఞాపిస్తాడు. గురువు ఉథర్ నిరాకరిస్తాడు. ప్రేమించిన జైనా వెనుదిరుగుతుంది. ఆట ఆడుతున్నవాడు మాత్రం వెనుదిరగలేడు, ఎందుకంటే కత్తి దూసిన చెయ్యి అతనిదే. అంటువ్యాధుల చరిత్ర ఎరిగిన వైద్యుడికి ఇది కేవలం కల్పనగా తోచదు. ఇంకా లక్షణాలు బయటపడని మనిషిని ఏమని భావించాలన్న ప్రశ్న నిజమైన మహమ్మారుల్లోనూ ఎదురైనదే. ఆపైన ఆర్థాస్ ఒక్కొక్క మెట్టే దిగుతాడు. సైనికులు ఇల్లు చేరవలసిన ఓడలను తానే తగులబెట్టించి, నిందను కిరాయి మూకపైకి నెడతాడు. శాపగ్రస్తమైన ఖడ్గాన్ని చేపడతాడు. చివరకు సింహాసనంపై ఉన్న తండ్రినే పొడుస్తాడు. ఏ మెట్టుకూ అతన్ని ఎవరూ తోయలేదు.

తొలినాటి ఆటలో ఇంతకంటే చిన్న ప్రతినాయకుడొకడు ఉన్నాడు, పేరు వాన్‌క్లీఫ్. యుద్ధంలో నేలమట్టమైన స్టార్మ్‌విండ్ నగరాన్ని తిరిగి కట్టిన రాతి పనివాళ్ళకు అతడు పెద్ద. పని పూర్తయ్యాక ప్రభువులు కూలి ఎగవేశారు. అల్లర్లు రేగాయి, ఆ గొడవలో రాణి ప్రాణం పోయింది, మేస్త్రీలు బందిపోట్లయ్యారు. పాత గనిలో దాగిన వాన్‌క్లీఫ్‌ను చంపిన ఆటగాడికి అతని దగ్గర పంపని ఉత్తరమొకటి దొరుకుతుంది. అది ఒకప్పటి తోటి పనివాడికి రాసినది. అప్పటిదాకా దొంగను చంపానని సంబరపడినవాడికి కూలి డబ్బులు అడిగినవాడిని చంపానేమోనన్న అనుమానం మొదలవుతుంది. లోకాన్ని నాశనం చేసే శక్తి ఏదీ వాన్‌క్లీఫ్‌కు లేదు. అయినా ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆటగాళ్ళు అతన్ని మరచిపోలేదు.

ఆ తరువాతి పరిణామం వ్యాపారం నుండి పుట్టింది. సుమారు రెండేళ్ళకొకసారి కొత్త విస్తరణ అమ్మాలి. ఆటగాడి పాత్ర అప్పటికే బలిసి ఉంటుంది, కనుక ఎదుట నిలిచేవాడు పోయినసారి కూలినవాడికంటే పెద్దవాడై ఉండాలి. ఇల్లిడాన్ అయ్యాడు, 2008లో ఆర్థాస్ వంతు వచ్చింది, 2010లో ప్రపంచాన్నే చీల్చిన డ్రాగన్ డెత్‌వింగ్ వచ్చాడు. 2016 విస్తరణ ముగిసేసరికి గ్రహమంత దేహం గల సార్గెరాస్ భూమిలో ఖడ్గం దింపాడు. ఆ తరువాత ఎవరిని తేవాలి? నొప్పి మందుకు అలవాటుపడిన దేహానికి మోతాదు పెంచుతూ పోయే వైద్యుడి స్థితి వంటిదిది. నొప్పి అలాగే ఉంటుంది, సీసా మాత్రం ఖాళీ అవుతుంది.

అంకెల విషయంలో సంస్థకు ఈ సంగతి తెలుసు. 2004లో 60గా ఉన్న గరిష్ఠ స్థాయి 2018 నాటికి 120కి చేరితే, 2020లో మొత్తాన్ని కుదించి మళ్ళీ 60కి తెచ్చారు. ఆయుధాల, ప్రాణబలాల అంకెలను అంతకుముందే, 2014లోనే, ఒకసారి నలిపివేశారు. కథకు అటువంటి కుదింపు లేదు. గ్రహాన్ని పొడిచిన కత్తిని చూసినవాడికి గనిలోని మేస్త్రీ మళ్ళీ శత్రువుగా కనిపించడు.

అందుకే 2020 నాటి 'షాడోలాండ్స్' మృత్యులోకానికి వెళ్ళి జైలర్ అనేవాడిని తెచ్చింది. అతనికి గతం చాలదు గనుక ఇతరుల గతాన్ని అరువిచ్చారు. ఆర్థాస్ ధరించిన శిరస్త్రాణమూ, చేపట్టిన ఖడ్గమూ ఈ జైలర్ పన్నాగంలో భాగమట! కొత్తవాడిని పెద్దవాడిగా చూపడానికి పాతవాడిని కీలుబొమ్మను చేశారు. స్ట్రాథోల్మ్ వీధుల్లో ఒక మనిషి చేసుకున్న నిర్ణయానికి వెనుక ఇంకొకరి పథకం తగిలించాక మిగిలేదేమిటి? 2022 ఆరంభంలో ఆర్థాస్ ఆత్మశేషం చిన్న వెలుగుచుక్కగా కనిపించి, ఆరిపోయింది. ఇక జైలర్ చనిపోతూ తనకంటే పెద్ద ముప్పు రానున్నదని సూచించి పోయాడు. అది పాత్ర మాట్లాడిన మాటలా లేదు, దుకాణం ముందు వేలాడదీసిన బోర్డులా ఉంది.

సిల్వానస్‌కు జరిగిన అన్యాయమూ ఇటువంటిదే. 2018లో ఆమె ఆజ్ఞతో టెల్‌డ్రసిల్ మహావృక్షం, దానిపైనున్న నగరంతో సహా, తగలబడింది. మంటల్లో వందలాది పౌరులుంటే ఆటగాడికి ఇచ్చిన సమయం కొద్ది నిమిషాలు; ఎంత పరుగెత్తినా కొద్దిమందే దక్కుతారు. ఆటలోని గొప్ప ఘట్టాల్లో అదొకటి. ఆమె ఎందుకలా చేసిందన్న ప్రశ్నకు జవాబు రావడానికి ఏళ్ళు పట్టింది. వచ్చిన జవాబు మళ్ళీ జైలరే.

మన పురాణకర్తలు ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు చూడదగినది. జయవిజయులు మూడు జన్మలెత్తారు. తొలి జన్మలో హిరణ్యాక్ష హిరణ్యకశిపులకు ఒక్కొక్కరికి ఒక్కొక్క అవతారం కావలసివచ్చింది. రావణ కుంభకర్ణులిద్దరికీ రాముడొక్కడే చాలాడు. శిశుపాల దంతవక్త్రులు కృష్ణుడి జీవితంలో ఒక్కొక్క ఘట్టం మాత్రమే. రాక్షసబలం తరుగుతూ వచ్చింది, కథ మాత్రం చిక్కనవుతూ వచ్చింది. శిశుపాలుడు మేనత్త కొడుకు. నిండు సభలో అతని తిట్లను లెక్కపెడుతూ కూర్చోవడంలో ఉన్న ఉత్కంఠ వరాహావతార యుద్ధంలో లేదంటే భాగవత ప్రియులు నొచ్చుకోరనే ఆశ.

ఆట ఆడడానికే గాని చదవడానికి కాదని సమర్థించేవారున్నారు. 2010లో కోటీ ఇరవై లక్షలకు పైగా చందాదారులు కథ కోసమే చేరారని ఎవరూ అనరు. స్నేహితుల కోసం చేరారు, కొత్త దేశాల వింత కోసం చేరారు. ఆ వాదనలో పస ఉంది. అయితే కథ ముఖ్యం కానప్పుడు దాన్ని విడిగా పుస్తకాలుగా అమ్మడమెందుకు? టారెన్ల వృద్ధనాయకుడు కెయిర్న్ మరణం 2010 నాటి 'ది షాటరింగ్' నవలలో జరిగింది. గ్యారోష్ విచారణా, అక్కడినుండి అతని పలాయనమూ 2014 నాటి 'వార్ క్రైమ్స్' పుటల్లో జరిగాయి. ఆటను మాత్రమే ఆడినవాడికి కెయిర్న్ ఒకనాడు ఉన్నాడు, మరునాడు లేడు. మనుషులను పుస్తకాలకు పంపించి, ఆటలో రాక్షసులను మిగుల్చుకున్నారు.

2022 నాటి 'డ్రాగన్‌ఫ్లైట్'లో, ఎవరో ఒక రచయిత పట్టుబట్టి సాధించుకున్నట్లుగా, ఒక చిన్న ఘట్టం ఉంది. వయసు మళ్ళిన ఎర్ర డ్రాగన్ ఒకడు మనిషిరూపంలో కూర్చుని ఉంటాడు. పక్కన కూర్చోమంటాడు. గతాన్నీ, యుద్ధంలో పోయినవారినీ తలచుకుంటూ నింపాదిగా మాట్లాడతాడు. కొట్టడానికి శత్రువు లేడు. లేచి వెళ్ళిపోయినా అడ్డగించేవారు లేరు. చాలామంది వెళ్ళలేదు, ముసలాయన మాట పూర్తయ్యేదాకా అక్కడే కూర్చున్నారు.