కోపం కుక్కర్‌లో ఆవిరి కాదు

"డాక్టరుగారూ, మావారికి కోపం వస్తే కంచం విసిరేస్తారు, పిల్లల్ని బాదేస్తారు. అదేమంటే, లోపల అణుచుకుంటే గుండెకు చేటంటారు. నిజమేనా?" అని అడిగే ఇల్లాళ్ళు చాలామందే ఉన్నారు.

నిజం కాదమ్మా. అయితే ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. దాని మూలం ఉష్ణగతిక శాస్త్రంలో ఉంది!

1840లో ఓడ డాక్టరుగా జావా వెళ్ళిన జర్మన్ వైద్యుడు రాబర్ట్ మేయర్, నావికుల సిరల్లోంచి తీసిన రక్తం మామూలు కంటే ఎర్రగా ఉండటం గమనించాడు. వేడి దేశంలో ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి శరీరం తక్కువ ఆహారాన్ని మండిస్తే సరిపోతుంది, అందుకే ప్రాణవాయువు మిగిలిపోతోందని ఊహించాడు. శక్తి పుట్టదు, నశించదు, రూపం మాత్రం మార్చుకుంటుందన్న సూత్రానికి అది నాంది. 1847లో హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని లెక్కకట్టి చూపాడు. ఈయనా వైద్యుడే! ఆయన మిత్రుడు బ్రూకె దగ్గర వియన్నాలో చదువుకున్న ఫ్రాయిడ్ ఈ లెక్కను మనసుకు తగిలించాడు. అణచిన ఉద్వేగం ఎక్కడికీ పోదు, బయటికి రాకపోతే జబ్బై కూర్చుంటుందని 1895లో బ్రాయర్‌తో కలిసి రాశాడు.

వినడానికి బాగానే ఉంది. కాని మీరు తిన్న అన్నానికి కేలరీల లెక్క ఉంది, కోపానికి లేదు. అది లోపల నిలవ ఉండే సరుకు కాదు. కోపం రాగానే గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, రక్తపు పోటు పెరుగుతుంది. ఆ అడ్రినలిన్ కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది. అయినా మనిషి గంటసేపు మండుతూనే ఉంటాడెందుకు? "నన్ను అంత మాట అంటాడా" అని తలచుకున్నప్పుడల్లా మళ్ళీ కొత్తగా ఊరుతుంది గనుక. కుక్కరైనా అంతే కదా, పొయ్యి మండుతున్నంతసేపూ విజిల్ వేస్తూనే ఉంటుంది.

అమెరికాలో బుష్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 600 మంది విద్యార్థులకు కోపం తెప్పించి, కొందరిచేత తిట్టినవాణ్ణి తలచుకుంటూ సంచీని గుద్దించాడు. కొందరిని ఊరికే కూర్చోబెట్టాడు. 2002లో ప్రకటించిన ఫలితం ఏమిటంటే, గుద్దినవారికే కోపం ఎక్కువైంది. 2024లో 154 పరిశోధనలను కలిపి చూసినా అదే తేలింది. పరుగెత్తడం కూడా కోపాన్ని తగ్గించలేదు. (ఉదయపు నడక మానకండి, అది గుండెకు మంచిదే!) ఇక గుండె సంగతంటారా, గుండెపోటు వచ్చిన 1,623 మందిని పరిశీలిస్తే, కోపం పెల్లుబికిన తర్వాత రెండు గంటల్లో ముప్పు రెట్టింపు దాటిందని 1995లో తేలింది.

మరి మింగుకుని కూర్చోమంటారా అంటే, అదీ కాదు. ముందు ఒళ్ళు చల్లబడాలి. నిలబడి ఉంటే కూర్చోండి. ఊపిరి నెమ్మదిగా తీసి, అంతకంటే నెమ్మదిగా వదలండి, ఒక పది నిమిషాలు. "కాసేపాగి మాట్లాడతాను" అని చెప్పి పక్కగదిలోకి వెళ్ళండి. స్కూటరు మాత్రం తీయకండి. చెప్పవలసిన మాట ఆ తర్వాత చెప్పండి, తప్పక చెప్పండి.

కోపం రోజూ వస్తుంటే నిద్రలేమి, తాగుడు, దిగులు జబ్బు, థైరాయిడ్ ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. ఇక కొట్టేవారికి నా మాట ఒకటే. భార్యను కొట్టడం ఏ గుండెకూ మందు కాదు. దెబ్బలు తింటున్న తల్లులు 181కి, పిల్లల కోసమైతే 1098కి ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు.